‘ఫైట్ క్లబ్’ చూశాక జాబ్ వద్దనిపించిందా?

బీటెక్ మూడో ఏడాది. హాస్టల్లో మా రూమ్ గోడకు ఒకవైపు ఆప్టిట్యూడ్ ఫార్ములాలు, ఇంకోవైపు ‘ఫైట్ క్లబ్’ పోస్టర్. పగలంతా ప్లేస్‌మెంట్ ట్రైనింగ్. రాత్రయితే ల్యాప్‌టాప్ చుట్టూ ఐదుగురం చేరి టైలర్ డర్డెన్ డైలాగులకు ఈలలు. ‘ఉద్యోగమంటే బానిసత్వంరా’ అని అందరికంటే గట్టిగా అరిచింది నేనే. ఆఫర్ లెటర్ రాగానే అమ్మకు ఫోన్ చేసి ఏడ్చిందీ నేనే!

ఇప్పుడు జూనియర్లు అడుగుతుంటారు. ‘అన్నా, ఆ సినిమా చూశాక జాబ్ మీద ఇంట్రెస్టే పోయింది’ అని. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఇంకోసారి చూడండి. ఈసారి టైలర్‌ని కాదు, కథ చెప్పే కుర్రాడి ఉద్యోగాన్ని.

థియేటర్లో ఫ్లాప్.. హాస్టల్లో హిట్

ఈ నవల రాసిన చక్ పాలానిక్ జర్నలిజం చదివి, అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఒక ట్రక్కుల కంపెనీలో డీజిల్ మెకానిక్‌గా పనిచేశాడు. పుస్తకం 1996లో వచ్చింది. 1999లో డేవిడ్ ఫించర్ సినిమా తీశాడు. ఖర్చు సుమారు 6.3 కోట్ల డాలర్లు. అమెరికా థియేటర్లలో వచ్చింది 3.7 కోట్లే. ప్రముఖ విమర్శకుడు రోజర్ ఎబర్ట్ నాలుగుకి రెండు స్టార్లే ఇచ్చాడు. తర్వాత డీవీడీల పుణ్యమా అని కల్ట్ అయి కూర్చుంది.

అభిప్రాయాలు మాత్రం ఇప్పటికీ రెండుగా చీలే ఉన్నాయి. హింసకు గ్లామర్ అద్దిందని కొందరు, ఆ హింసనే వెటకారం చేసిందని కొందరు. నా ఓటు రెండోదానికే. అలాగని మొదటివాళ్ల మాటను కొట్టిపారేయను. బ్రాడ్ పిట్‌ని అంత స్టైల్‌గా చూపించాక ఇరవై ఏళ్ల కుర్రాడికి అందులో వెటకారం కనిపిస్తుందా? మాకైతే కనిపించలేదు.

బాస్ మారాడంతే!

ట్విస్ట్ చెప్పనులెండి. కానీ ఆఫీసు మీద విసుగుతో పుట్టిన క్లబ్ చివరికి ఏమైందో గమనించండి. టైలర్ దళంలో చేరాలంటే మూడు రోజులు గుమ్మం ముందు నిలబడాలి. నల్ల చొక్కాలు, నల్ల ప్యాంట్లతో పాటు తన అంత్యక్రియలకు 300 డాలర్లు తనే తెచ్చుకోవాలి. పేరు ఉండదు. ప్రశ్నలు అడగకూడదు. ఇంతకంటే ఘోరమైన కంపెనీ ఉంటుందా? మన సర్వీస్ బాండ్లే నయం! స్వేచ్ఛ కోసం ఒక బాస్‌ని వదిలించుకున్నవాళ్లు అంతకంటే పెద్ద బాస్‌కి దొరికిపోయారన్నమాట.

అసలు సీన్ ఇదీ

ఎడ్వర్డ్ నార్టన్ వేసిన పాత్ర ఒక కార్ల కంపెనీ ఉద్యోగి. ప్రమాదంలో కాలిపోయిన కార్లను చూసి లెక్కలు కట్టడం అతని పని. రోడ్ల మీద ఎన్ని కార్లున్నాయి, వాటిలో ఎన్ని ఫెయిల్ కావచ్చు, ఒక్కో కేసు కోర్టు బయట ఎంతకు తెగుతుంది. ఈ మూడింటినీ గుణించాలి. వచ్చిన మొత్తం కార్లన్నీ వెనక్కి పిలిపించే ఖర్చు కంటే తక్కువైతే, పిలిపించరు. అంతే. ఆ కుర్రాడికి రాత్రుళ్లు నిద్ర పట్టదు. కారణం సినిమా విడమర్చి చెప్పదు. నాకైతే ఈ లెక్కలోనే ఉందనిపిస్తుంది.

ఎందుకంటే, అలాంటి లెక్క నా డెస్క్ మీదికీ వచ్చింది. మొదటి ఉద్యోగం, టెస్టింగ్ టీమ్. రిలీజ్‌కు ముందురోజు ఒక బగ్ దొరికింది. పేమెంట్ మధ్యలో నెట్ పోతే ఒక్కోసారి డబ్బు రెండుసార్లు కట్ అవుతోంది. ‘చాలా తక్కువమందికేగా, లో ప్రయారిటీ పెట్టెయ్’ అన్నాడు లీడ్. పెట్టేశాను. ప్రొబేషన్‌లో ఉన్నాను, నెత్తిన ఎడ్యుకేషన్ లోన్ ఉంది. ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది టైలర్ కాదు, ఆ కార్ల లెక్క.

మర్నాడు రిజైన్ చేయలేదు. ఎన్ని టెస్టుల్లో ఎన్నిసార్లు వచ్చిందో స్క్రీన్‌షాట్లతో సహా లీడ్‌కీ మేనేజర్‌కీ మెయిల్ పెట్టాను. రెండు వారాలకు బగ్ ఫిక్స్ అయింది. ఈలోగా ఎవరి డబ్బు ఎంత పోయిందో నాకు ఇప్పటికీ తెలీదు.

ఇంటర్వ్యూలో అడగండి

అందుకే జాబ్ వద్దనుకోకండి. ఇంట్లో మీ జీతం కోసం ఎదురుచూసేవాళ్లుంటే అసలే వద్దు. ఇంటర్వ్యూ చివర్లో ‘ఎనీ క్వశ్చన్స్?’ అంటారు కదా. ‘నో సర్’ అని లేచి రాకుండా, ‘రిలీజ్‌కు ముందు సీరియస్ తప్పు దొరికితే మీ టీమ్‌లో ఎవరికి చెప్పాలి? ఆపే అధికారం ఎవరికుంది?’ అని అడిగి చూడండి. ఎదుటివాళ్లు సూటిగా చెప్తారా, నీళ్లు నములుతారా అన్నదాన్ని బట్టి ఆ ఆఫీసు సంగతి కొంతైనా తెలుస్తుంది.

ప్రశ్నలు అడగొద్దన్నది టైలర్ పెట్టిన రూల్. మీరెందుకు పాటించాలి?