మీకు తెలుసా? విటమిన్ మాత్ర చేసిన చేటు

ప్రోస్టేట్ క్యాన్సర్ రాకుండా విటమిన్-ఇ మాత్రలు అడ్డుకుంటాయేమోనని అమెరికా, కెనడాల్లో 35 వేల మందికి పైగా మగవాళ్ల మీద పరీక్షించి చూశారు. 2001లో మొదలైన ఆ ‘సెలెక్ట్’ పరిశోధనలో లాభమేమీ కనబడక 2008లో మాత్రలు ఆపించారు. 2011లో లెక్కలు చూస్తే ఇంకా ఘోరం. విటమిన్-ఇ మాత్రలు మాత్రమే వేసుకున్నవాళ్లలో ఆ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చింది!

ఇది చదివి మన యాడికిలో ఎవరూ శెనక్కాయల ఊరిబిండి మానేయకండి. శెనక్కాయ విత్తనాల్లోనూ విటమిన్-ఇ ఉంది కానీ, ఆ పరిశోధనలో రోజూ ఇచ్చిన 400 యూనిట్లు రావాలంటే రెండు కిలోలకు పైగా తినాలి. అది ఎవరివల్లా కాదు. ప్రోస్టేట్‌కు టమాటా మేలన్న మాట 1995 నుంచీ వినబడుతోంది, తర్వాతి పరిశోధనల్లో కొన్ని మాత్రం దాన్ని బలపరచలేదు. సంగటి, ఆకుకూర పప్పు, టమాటా హాయిగా తినండి, పొట్ట పెరగకుండా చూసుకోండి. ఫలానా పొడి తాగితే ప్రోస్టేట్ జబ్బే రాదని ఎవరైనా అమ్మజూపితే డబ్బులివ్వకండి.

మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే ఈ ప్రోస్టేట్ గ్రంథి బరువు 20 గ్రాములకు అటూ ఇటూ. నలభై దాటాక మెల్లగా పెరుగుతుంది. అరవై ఏళ్లకు సగం మందిలో పెరిగే ఉంటుంది. ఆ వాపు క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. కానీ మనిషిని నిలవనీయదు. గుంతమగ్గం మీద పెద్దాయన ఒంటికి పోయొచ్చి, కాళ్లు గుంతలోకి దించాడో లేదో మళ్లీ లేవాలి. పోతే ధార సన్నం, చివర చుక్కలు, అయిపోయినట్టే ఉండదు. రాత్రి మూడు నాలుగు సార్లు మెలకువ. ఇంట్లోవాళ్లేమో ‘వయసైంది కదప్పా’ అంటారు. దాంతో ఆయన నీళ్లు తాగడమే తగ్గించేస్తాడు. మన ఎండల్లో అది కిడ్నీలో రాళ్లకు దారి. పగలంతా బాగా తాగి, పొద్దు గూకినాక టీ, నీళ్లు తగ్గించాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. జలుబుకని మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల్లో కొన్ని, ప్రోస్టేట్ పెరిగినవాళ్లకు మూత్రాన్ని పూర్తిగా బిగించేస్తాయి. అప్పుడు గొట్టం వేస్తే తప్ప దిగదు. కాబట్టి ఆ ఇబ్బంది ఉందని షాపువాళ్లకు ముందే చెప్పండి. మూత్రం బిగిసినా, అందులో రక్తం కనబడినా తెల్లారేదాకా ఆగకండి.

ఇక ప్రోస్టేట్ క్యాన్సర్ తొలిదశలో చాలామందికి ఏ బాధా ఉండదు. అందుకే యాభై దాటాక, తండ్రికో అన్నదమ్ములకో వచ్చి ఉంటే నలభై ఐదుకే, పి.ఎస్.ఎ. రక్తపరీక్ష గురించి డాక్టరును అడగాలి. ఆ అంకె ఎక్కువొస్తే క్యాన్సరేనని బెదిరిపోవద్దు. మామూలు వాపుకూ, ఇన్ఫెక్షన్‌కూ పెరుగుతుంది.

ఇక ఖర్చు సంగతి. 2007 ఏప్రిల్ 1న ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకం తొలిసారి మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. చూపించుకోవడానికి తాడిపత్రికో అనంతపురానికో పోతే కార్డు తీసుకుపోండి, ఏ ఆపరేషన్‌కు వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. వాడుతున్న బీపీ మాత్రల చీటీ కూడా జేబులో పెట్టుకోండి. ప్రోస్టేట్‌కు ఇచ్చే కొన్ని మందులు బీపీని కూడా దించుతాయి, డాక్టరు ఆ చీటీ చూసే రాయాలి.