పాన్‌గల్ అనాలా, పానగల్లు అనాలా? పాత నాణేల మీది పేర్లకు ధ్వనిశాస్త్ర పరీక్ష

పాత వస్తువుల సేకర్తలకు తూకం తెలుసు, లోహం తెలుసు, నకిలీని చూడగానే పసిగట్టే నేర్పూ ఉంటుంది. ఆ వస్తువు మీది పేరును ఎలా పలకాలన్న ప్రశ్న వచ్చేసరికి మాత్రం చాలామంది కేటలాగులోని రోమన్ అక్షరాలను పట్టుకుని నోటికి వచ్చినట్టు చదివేస్తారు. నాణెం అంచు కాస్త అరిగితేనే విలవిల్లాడే మనం, దాన్ని ముద్రించిన ఊరి పేరు అరిగిపోతుంటే పట్టించుకోకపోవడం సబబు కాదు. వనపర్తి జిల్లాలోని పాన్‌గల్‌ను, దాని చుట్టుపక్కల పాత సంస్థానాలను తీసుకుని, లిపి మారినప్పుడల్లా ఒక పేరు ఏం పోగొట్టుకుంటుందో, పోయినదాన్ని తిరిగి ఎలా రాబట్టవచ్చో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో పాత బేస్‌బాల్ కార్డుల సేకరణ పెద్ద వ్యాపకం. 1909–1911 మధ్య సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన టీ206 వరుసలో హానస్ వాగ్నర్ బొమ్మ ఉన్న కార్డు ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అంత ఖరీదైన కార్డు మీది మనిషిని ఇప్పుడు చాలామంది ‘హోనస్’ అంటారు. ఆయన జర్మన్ కుటుంబంలో పుట్టారు. అసలు పేరు యొహానెస్, ముద్దుపేరు ‘హానస్’. అమెరికన్ ఇంగ్లీషులో ‘హాట్’, ‘పాట్’ వంటి మాటల్లోని ‘ఓ’ అక్షరం మన ఆకారానికి దగ్గరగా పలుకుతుంది. అందుకే ఆ పేరును ‘ఓ’తో రాసినా ‘హా’ అనే పలికారు. తర్వాతివాళ్ళకు చెవి సాక్ష్యం లేదు, కంటి ముందు అక్షరమే ఉంది. అదే కాలపు మరో గొప్ప ఆటగాడు నెపోలియన్ లాజ్‌వే. ఫ్రెంచి ఇంటిపేరు. దాన్ని పలకలేని తోటి ఆటగాడు ‘లారీ’ అని పిలిస్తే ఆ పేరే స్థిరపడింది.

వాగ్నర్ కార్డు అడుగున ఊరి పేరు పిట్స్‌బర్గ్ అని ఉంటుంది కానీ, చివర ఇప్పుడు రాసే ‘హెచ్’ అక్షరం ఉండదు. అది అచ్చుతప్పు కాదు. అమెరికా భౌగోళిక నామాల మండలి 1891లో ఆ అక్షరాన్ని తీసేసి, 1911లో మళ్ళీ చేర్చింది. అంటే వర్ణక్రమం ఒక్కోసారి కాలాన్ని కూడా చెబుతుంది. ఈ సంగతి మన పేర్ల దగ్గర కూడా అక్కరకు వస్తుంది.

మన ప్రాంతంలో ఆ కార్డులకు సాటి వచ్చేవి సంస్థానాల నాణేలు. నిజాం ఏలుబడి కింద గద్వాల, వనపర్తి సంస్థానాల పేరిట నాణేలు వెలువడ్డాయి. ప్రపంచ నాణేల కేటలాగులు వీటిని హైదరాబాదు సామంత సంస్థానాల శీర్షిక కింద చూపుతాయి. వనపర్తి నాణేల టంకశాల సూగూరు. నారాయణపేట టంకశాలకు నాణేల మీద దిల్‌షాదాబాద్ అన్న పేరు కనబడుతుంది. ఈ నాణేల మీది రాత పారసీ లిపిలో ఉంటుంది. సుత్తితో కొట్టి ముద్రించే పద్ధతిలో అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. కాబట్టి అచ్చులో ఉన్న అక్షరాలన్నీ బిళ్ళ మీద పడవు. సేకర్త చేతికి వచ్చేసరికి ఊరి పేరులో సగం అంచు బయటే పోయి ఉంటుంది.

మిగిలిన సగమైనా తేలిగ్గా చదవగలమా? పారసీ లిపిలో ‘వనపర్తి’ అని రాయడానికి ఆరు అక్షరాలు పడతాయి: వావు, నూన్, పే, రే, తే, యే. హ్రస్వ అచ్చులకు అక్షరం లేదు. గుర్తులు ఉన్నా మామూలు రాతలో పెట్టరు. ‘వ’ తర్వాత ఉన్నది అకారమా ఇకారమా, ‘న’ పొల్లా కాదా అన్నది ఊరి పేరు ముందే తెలిసినవాడికే తెలుస్తుంది. సూగూరు సంగతి ఇంకా కష్టం. సీన్, వావు, గాఫ్, వావు, రే. ఇందులో ‘వావు’ ఊకారానికీ ఓకారానికీ కూడా వాడే అక్షరం. పాత రాతల్లో కాఫ్‌కూ గాఫ్‌కూ తేడా చూపే అదనపు గీతను తరచు వదిలేసేవారు. సూగూరు తెలియని పాఠకుడు దాన్ని సోకోర్ అని చదివినా లిపి అడ్డు చెప్పదు.

రోమన్ లిపిలో కష్టం మరో చోట ఉంది. అందులో అచ్చులకు అక్షరాలు ఉన్నాయి కానీ, మామూలు రాతలో అకారానికీ ఆకారానికీ తేడా లేదు. త, ట రెండింటికీ ఒకటే అక్షరం. ద, డ కూడా అంతే. ఉర్దూ రాతలో తకారానికీ టకారానికీ వేర్వేరు అక్షరాలు ఉంటాయి. ఇలా ఒక లిపి పారేసినదాన్ని మరో లిపి దాచిపెడుతుంది. పేరును పునర్నిర్మించే పద్ధతి అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

పాన్‌గల్ పేరు మీద దీన్ని పరీక్షించి చూద్దాం. ఫిరోజ్ షా బహమనీ 15వ శతాబ్ది తొలి భాగంలో విజయనగరం చేతిలో ఓడిపోయింది ఈ కోట దగ్గరే. కోట బయట తెలుగులో ఒకటి, పారసీలో ఒకటి, 1604 నాటి రెండు శాసనాలు ఉన్నాయనీ, అవి కోటపాలకుడు ఖైరాత్ ఖాన్‌ను పేర్కొంటాయనీ బ్రిటిష్ కాలపు ఇంపీరియల్ గెజిటీర్ నమోదు చేసింది. ఇక పేరు. ఉర్దూలో దాన్ని పే, అలిఫ్, నూన్, గాఫ్, లామ్ అని రాస్తారు. ఇందులోని అలిఫ్ వల్ల మొదటి అక్షరం ‘పా’ అని, దీర్ఘమని రూఢిగా తెలుస్తుంది. ‘న’ తర్వాత అచ్చు ఉందో లేదో తెలియదు. ఇప్పుడు ‘Panagal’ అన్న రోమన్ రూపం చూడండి. అందులో ‘న’ మీద అచ్చు స్పష్టంగా ఉంది, మొదటి దీర్ఘం మాత్రం కనబడదు. రెండూ కలిపితే ‘పానగల్’ తేలుతుంది. చివర ఉన్న ‘ల్లు’ను రెండు లిపులూ కాపాడలేదు. దానికి తెలుగు రాతా తెలుగు నోరూ తప్ప వేరే ఆధారం లేదు. ఓరుగల్లు వరంగల్ అయినప్పుడు రాలిపోయింది కూడా ఆ చివరి భాగమే.

రోమన్ రూపాన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో చెన్నైలో వినవచ్చు. 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రిగా ఉన్న పానగల్ రాజా పేరిట త్యాగరాయనగర్‌లో ఒక పార్కు ఉంది. ఆయన పాన్‌గల్ కోటకు చెందినవారు కారు, పేరులో పోలిక మాత్రమే. తమిళంలో ఆ పార్కును ‘పనగల్’ అనే రాస్తారు, అలాగే పలుకుతారు. దీర్ఘం పోయింది. రోమన్ రాతలో దీర్ఘానికి గుర్తు లేకపోవడం ఇందుకు దోహదం చేసి ఉండాలి.

‘పానగల్’లో నడిమి అచ్చు రాలిపోయి ‘పాన్‌గల్’ ఎందుకయింది? ఇది ఎవరో ఒక గుమస్తా అజాగ్రత్త కాదు. హిందీ–ఉర్దూ ధ్వనివ్యవస్థలో ఒక నియమం ఉంది: అచ్చు, హల్లు ముందుండి, హల్లు, అచ్చు వెనకుంటే ఆ మధ్యన చిక్కిన హ్రస్వ అకారం సాధారణంగా లోపిస్తుంది. మంజరి ఒహాలా వంటి భాషాశాస్త్రవేత్తలు దీన్ని వివరంగా పరిశోధించారు. తెలుగులో ఆ నియమం లేదు, మనం సాధారణంగా ప్రతి అకారాన్నీ పలుకుతాం. పాన్‌గల్ పరిసరాల పేర్లను దీనితో సరిపోల్చండి. వనపర్తి పేరు ఇంపీరియల్ గెజిటీర్‌లో వన్‌పర్తి. అమరచింత అమర్‌చింత. పాన్‌గల్ పొరుగు మండలం వీపనగండ్ల రోమన్ రాతలో నేటికీ వీపన్‌గండ్ల. నాలుగు పేర్లలోనూ ఒకే చోట, ఒకే అచ్చు పోయింది. కాబట్టి ఈ ప్రాంతపు నాణెం మీదో దస్తావేజులోనో ఇలా హల్లులు బిగిసిన పేరు కనబడితే, ఆ బిగింపు మధ్య అకారం ఉండేదేమోనని సేకర్త ముందుగా అనుమానించాలి. మరో మాట. ‘పాన్‌గల్’ అని వేగంగా అంటే నకారం పక్కనున్న గకారం స్థానానికి జరిగి ‘పాంగల్’ అవుతుంది. నాలుక చేసే సహజమైన సర్దుబాటు అది.

అయితే మారిన ప్రతి రూపాన్నీ పరభాష ఖాతాలో వేయకూడదు. కొల్లాపురం కేంద్రంగా ఉన్న జటప్రోలు సంస్థానాన్ని ఇంపీరియల్ గెజిటీర్ ‘జట్‌పోల్’ అని రాసింది. ‘ట’ తర్వాతి అచ్చు పోవడానికి పై నియమమే కారణం. రేఫ పోవడానికి మాత్రం తెలుగే కారణం కావచ్చు. క్రింద మన నోట కింద అయింది, ప్రొద్దు పొద్దు అయింది. జనం ‘జటపోలు’ అంటుండగా విని రాసుకున్న రూపమై ఉండే అవకాశం బలంగా ఉంది. అలాంటప్పుడు గెజిటీర్ రాత ఆనాటి వాడుకకు సాక్ష్యమవుతుంది. దాన్ని తప్పని కొట్టేయడం శాస్త్రీయం కాదు.

ఇంగ్లీషు అధికారుల రాతల్లో కూడా ఒక క్రమం ఉంది. 18వ శతాబ్ది చివర్లో జాన్ గిల్‌క్రిస్ట్ పద్ధతి హ్రస్వ అకారానికి ‘యు’ అక్షరాన్ని, ఊకారానికి జంట ‘ఓ’లను వాడింది. విలియం జోన్స్ 1788లో ప్రకటించిన పద్ధతి అకారానికి ‘ఏ’ అక్షరాన్ని వాడింది. తర్వాతి గెజిటీర్లు ఎక్కువగా జోన్స్ దారిలో నడిచాయి. నాగర్‌కర్నూలు రోమన్ రాతను చూడండి. ‘నాగర్’లోని అచ్చులు జోన్స్ పద్ధతిలో, ‘కర్నూలు’లోని అచ్చులు పాత పద్ధతిలో ఉన్నాయి. ఒకే పేరులో రెండు కాలాలు కలిసి ఉన్నాయి. కడప కూడా 2005 వరకు పాత ‘యు’తోనే సాగింది. ఇది తెలియనివారు ఆ ‘యు’ను చూసి ‘కుడప్పా’ అని పలకడంలో ఆశ్చర్యం లేదు.

వనపర్తి నేటి అధికారిక రోమన్ రాతలో తకారానికి ‘టీ’ పక్కన ‘హెచ్’ చేరుతుంది. దక్షిణాదిలో ‘టీ’ని టకారానికి ఉంచి, తకారానికి ‘హెచ్’ జోడించడం అలవాటు. ఉత్తరాది పాఠకుడికి ఆ ‘హెచ్’ మహాప్రాణానికి గుర్తు. అతను ‘వనపర్థి’ అంటాడు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి అసలు త, ట తేడా వినబడడమే కష్టం. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన ప్రయోగం దీనికి కారణం చూపింది. ఇంగ్లీషు కుటుంబాల్లోని 6–8 నెలల పసిపిల్లలు హిందీలోని త, ట తేడాను బాగానే గుర్తించారు. 10–12 నెలల వయసుకు వచ్చేసరికి ఆ శక్తి బాగా తగ్గిపోయింది. తన చుట్టూ వినబడని తేడాను మెదడు ఏడాది నిండేలోపే పక్కన పెట్టేస్తుంది. కాబట్టి విదేశీ సేకర్త గద్వాలను ‘గడ్వాల్’ అంటే అది అగౌరవం కాదు. మనం కూడా ఇంగ్లీషులోని ‘వి’, ‘డబ్ల్యూ’ల తేడాను అంత తేలిగ్గా పట్టుకోలేం.

కొన్ని ధ్వనులకు మాత్రం ఏ పరాయి లిపీ తోడు రాదు. తెలుగు ళకారానికి ఉర్దూలోనూ మామూలు రోమన్ రాతలోనూ ప్రత్యేక అక్షరం లేదు. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల ఇంటిపేరు ప్రపంచమంతటా ‘నడెల్లా’గా వినబడడానికి ఈ లోపం, దీర్ఘం గుర్తు లేకపోవడం, ద–డ తేడా లేకపోవడం, మూడూ కలిశాయి. క్రికెట్ బొమ్మలు పోగుచేసేవారికి ఇంకో ఉదాహరణ. 1932లో లార్డ్స్‌లో భారత్ ఆడిన మొదటి టెస్టుకు నాయకుడు సి.కె. నాయుడు. ఆ ‘సి’ కొట్టారి అనే ఇంటిపేరు. 1922లో డేవిస్ కప్ టెన్నిస్, 1936లో టెస్టు క్రికెట్ ఆడిన సి. రామస్వామి పేరులోని ‘సి’ కూడా కకారమే, కోటా అన్న ఇంటిపేరు. రోమన్ పొడి అక్షరం చదివే మనకు ఆ రెండు కకారాలూ వినబడకుండా పోయాయి.

మరి పాన్‌గల్‌కు సరైన పలుకు ఏది? 1604లోనే ఆ కోట దగ్గర రెండు భాషలు రాతికెక్కాయి. ఉర్దూ ఇళ్ళలో పుట్టిన ‘పాన్‌గల్’కు శతాబ్దాల వాడుక ఉంది. అది తప్పు కాదు. తెలుగు నోట ఉన్న ‘పానగల్లు’ దానికన్నా పాత పొరను కాపాడుతోంది. కేటలాగు రాసేవారు రెండింటినీ ఇచ్చి, ఏది ఎవరి వాడుకో చెప్పాలన్నది నా అభిప్రాయం. రోమన్‌లో రాయక తప్పనప్పుడు దీర్ఘాలనూ, ట–త, ళ–ల తేడాలనూ గుర్తులతో చూపే ఐఎస్‌ఓ 15919 పద్ధతి 2001 నుంచి అందుబాటులో ఉంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల సేకర్తలకు ఒక విన్నపం. మీ దగ్గరున్న ప్రతి నాణెం, స్టాంపు, దస్తావేజు పక్కన ఊరి పేరును తెలుగు లిపిలో రాసి పెట్టండి. ఆ ఊరికి వెళ్ళి అక్కడి పెద్దవాళ్ళ చేత, తెలుగువారి చేతా ఉర్దూ మాట్లాడేవారి చేతా, ఆ పేరు పలికించి ఫోన్‌లో రికార్డు చేయండి. తేదీ, ఊరు దానికి జతచేయండి. సూగూరుతో మొదలుపెట్టవచ్చు.