డయాలసిస్‌లో దురద.. వేడి చేసి కాదు!

ఆయన రిటైరైన లెక్కల మాష్టారు. వారానికి మూడుసార్లు మా ఆసుపత్రికి డయాలసిస్ కోసం వచ్చేవారు. చేతిసంచిలో టవలు, దుప్పటితో పాటు ఓ చెక్క స్కేలు కూడా ఉండేది. బడి అలవాటు పోలేదేమో అనుకున్నాను. ఓ రోజు ఆయన భార్య అసలు సంగతి చెప్పారు. ‘‘అది వీపు గోక్కోవడానికండీ. రాత్రంతా అదే పని. ఇద్దరికీ నిద్ర లేదు. ఇక డయాలసిస్ మానేస్తానంటున్నారు డాక్టరుగారూ’’ అన్నారు.

డయాలసిస్ మొదలయ్యాకే దురద పట్టుకుంది కాబట్టి ఆ మిషనే కారణమన్నది మాష్టారి వాదన. అప్పటికే నాలుగు గంటలు చేయాల్సిన డయాలసిస్‌ని మూడు గంటలకే ఆపించుకుని వెళ్లిపోతున్నారు. సూదులు గుచ్చిన చెయ్యి కదపకూడదు. గోక్కోకుండా ఉండలేరు. ఆ స్థితిలో నాలుగో గంట నరకమే. ఆయన బాధ నిజం, వేసిన లెక్కే తప్పు. డయాలసిస్ తగ్గేకొద్దీ ఒంట్లో మలినాలు పెరుగుతాయి, దురద ఇంకా ఎక్కువవుతుంది.

ఏడాదిగా వస్తున్నా ఆయన నాతో ఈ మాట అనలేదు. నేనూ అడగలేదు. బీపీ, బరువు, హిమోగ్లోబిన్ చూసుకుని ముందుకు సాగిపోవడం మాకూ అలవాటే. పలు దేశాల డయాలసిస్ రోగులను పరిశీలించిన డాప్స్ అధ్యయనంలో ప్రతి 10 మందిలో సుమారు నలుగురికి ఓ మోస్తరు నుంచి తీవ్రమైన దురద ఉన్నట్టు తేలింది. నిత్యం బాధపడుతున్నవారిలోనూ కొందరు ఆ సంగతి ఏ డాక్టరుకూ, నర్సుకూ చెప్పలేదు.

ఎందుకొస్తుంది?

ఇది కిడ్నీ జబ్బులో భాగంగా వచ్చే దురద. ఒంటి మీద దద్దుర్లేమీ ఉండవు. వీపు, చేతులు, కాళ్లు.. రెండువైపులా ఒకేలా దురద పెడుతుంది. రాత్రిళ్లు ఎక్కువ. కనిపించే గీతలు, పుండ్లు, నల్లటి మచ్చలన్నీ గోకడం వల్ల ఏర్పడినవే. పొట్ట ద్వారా చేసే డయాలసిస్‌లో ఉన్నవారికీ ఇది రావచ్చు.

కారణం ఒక్కటి కాదు. కిడ్నీ రోగుల్లో చెమట, నూనె గ్రంథులు చురుగ్గా పనిచేయక చర్మం బాగా పొడిబారుతుంది. బయటికి పోవాల్సిన మలినాలు రక్తంలో మిగిలిపోతాయి. ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోను పెరుగుతాయి. వీటికి తోడు నరాల తీరు కూడా మారుతుంది. మన ఒంట్లోనే నల్లమందు లాంటి రసాయనాలు తయారవుతుంటాయి. అవి పనిచేసే గ్రాహకాల్లో కొన్ని దురదను రేపుతాయి, కొన్ని అణచిపెడతాయి. కిడ్నీ జబ్బులో ఈ సమతూకం దెబ్బతింటుందని భావిస్తున్నారు. ఇందులో అలర్జీ పాత్ర తక్కువ. అందుకే సెట్రిజిన్ లాంటి బిళ్లలతో చాలామందికి పెద్దగా గుణం కనిపించదు. కొన్ని అలర్జీ మందులతో మగత మాత్రం వస్తుంది. నేనూ చాలా ఏళ్లు అవే రాసిచ్చాను.

ఇంట్లో మాత్రం దీనికి పెట్టే పేరు ఒక్కటే.. ‘వేడి చేసింది’. వెంటనే కొబ్బరినీళ్లు తాగిస్తారు. డయాలసిస్ రోగికి ఇంతకన్నా ప్రమాదకరమైన ఉపచారం మరొకటి ఉండదేమో. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. అది ఒక్కసారిగా పెరిగితే గుండె లయ తప్పి ప్రాణానికే ముప్పు రావచ్చు. ‘రక్తశుద్ధి’ పేరుతో అమ్మే పొడులు, కషాయాలూ వద్దు. కొన్నింట్లో భార లోహాలు కలిసి ఉంటాయి. మందులషాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములు నాలుగు రోజులు హాయినిస్తాయి. తర్వాత చర్మం పలచబడుతుంది, తామర ఉంటే ఇంకా పాకుతుంది. మరికొందరు రోగికి సబ్బు, తువ్వాలు, పక్క అన్నీ వేరు చేసేస్తారు. కిడ్నీ జబ్బుతో వచ్చే దురద అంటదు. అప్పటికే అందరికీ భారమయ్యానని కుమిలిపోతున్న మనిషిని ఇలా దూరం పెట్టడం నాకు దురదకన్నా పెద్ద బాధగా తోస్తుంది.

ఏం చేశాం?

మాష్టారికి ముందు డయాలసిస్ ఎలా అవుతోందో చూశాం. డయాలసిస్‌కు ముందూ, తర్వాతా రక్తంలో యూరియా కొలుస్తారు. కనీసం 65 శాతం తగ్గాలి. ఆయనకు తగ్గడం లేదు. మళ్లీ నాలుగు గంటలకు ఒప్పించాం. అందరినీ ఇలా ఒప్పించడం తేలిక కాదు. ప్రభుత్వ పథకాల్లో డయాలసిస్ ఉచితంగా జరిగినా ఆటో ఖర్చు, తోడు వచ్చేవారి కూలి పోవడం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మన దగ్గర వారానికి రెండుసార్లతో సరిపెట్టుకునేవారు చాలామంది ఉండటానికి అదీ ఓ కారణం.

ఆయన ఫాస్ఫరస్ 7 దాటి ఉంది. మామూలుగా 4.5 లోపు ఉండాలి. డయాలసిస్ రోగుల్లో 5.5 మించకుండా చూడాలనుకుంటాం. తగ్గించే బిళ్లలు వాడుతూనే ఉన్నారు. ఎప్పుడు వేసుకుంటున్నారని అడిగితే ‘పొద్దున్నే పరగడుపున’ అన్నారు. సెవెలమర్, కాల్షియం అసిటేట్ లాంటివి అన్నంలోని ఫాస్ఫరస్‌ను పట్టుకుని మలంతో బయటికి పంపే మందులు. భోజనంతో పాటు వేసుకోకపోతే పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. నల్లటి కూల్‌డ్రింకులు, ప్యాకెట్ చిరుతిళ్లు, నిల్వచేసిన మాంసం, చీజ్ మానేయమన్నాం. మాంసకృత్తులు మాత్రం తగ్గించకూడదు. గుడ్డులోని తెల్లసొన మంచిది, దాంట్లో ఫాస్ఫరస్ తక్కువ.

సలసల కాగే నీళ్ల స్నానం, నీళ్లలో డెట్టాల్ కలపడం, సున్నిపిండితో రుద్దుకోవడం ఆపించాం. గోరువెచ్చటి నీళ్లతో త్వరగా స్నానం ముగించి, ఒళ్లు తడి ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ గానీ కొబ్బరినూనె గానీ రాయాలి. రోజుకు రెండుసార్లు, క్రమం తప్పకుండా. వీపుకు రాయడం మాత్రం ఇంట్లోవాళ్ల పనే.

అప్పటికీ తగ్గకపోవడంతో గాబాపెంటిన్ ఇచ్చాం. ఇది నరాల మందు. కిడ్నీలు పనిచేయనివారిలో ఒంట్లో పేరుకుపోతుంది కాబట్టి డయాలసిస్ అయ్యాక 100 మిల్లీగ్రాములతో మొదలుపెడతాం. పక్కింటాయన నడుంనొప్పికి వాడే 300 మిల్లీగ్రాముల బిళ్ల అడిగి వేసుకుంటే మగత, తూలి పడిపోవడం, పొంతన లేని మాటలు తప్పవు. దీంతోనూ గుణం లేకపోతే చర్మవైద్యుల దగ్గర అతినీలలోహిత కాంతి చికిత్స ఉంది. ఇందాక చెప్పిన గ్రాహకాల మీద పనిచేసే నాల్ఫురఫిన్‌ను జపాన్‌లో 2009 నుంచే వాడుతున్నారు. డయాలసిస్ చివర్లో ఇచ్చే డిఫెలికెఫాలిన్ ఇంజక్షన్‌కు 2021లో అమెరికా అనుమతిచ్చింది.

దురదను కొలిచే రక్తపరీక్ష లేదు. 0 నుంచి 10 మధ్య ఎంతుందో రోగే చెప్పాలి. మాష్టారు మొదట 9 అన్నారు. రెండు నెలలకు 3 అన్నారు. పూర్తిగా పోలేదు. కానీ రాత్రి ఒక్కసారే లేస్తున్నారు, డయాలసిస్ మానేస్తానన్న మాట మళ్లీ రాలేదు.

దురదలన్నీ ఇవే అనుకోకూడదు. వేళ్ల సందుల్లో కురుపులు, ఇంట్లో మరొకరికీ దురద ఉంటే అది గజ్జి కావచ్చు. ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోవాలి. కళ్లు పచ్చబడితే కాలేయ పరీక్షలు, హెపటైటిస్ పరీక్షలు చేయించాలి. మిషన్‌కు కలిపిన కాసేపటికే దురదతో పాటు ఆయాసం, ఛాతీలో బిగుతు వస్తే వెంటనే టెక్నీషియన్‌ను పిలవాలి, ఓర్చుకోకూడదు. ఫిస్టులా ఉన్న చేతిని గానీ, మెడ దగ్గర గొట్టం చుట్టూ గానీ గోకొద్దు. గోళ్లు పొట్టిగా కత్తిరించండి. అక్కడ ఎర్రబడినా, చీము పట్టినా, చలిజ్వరం వచ్చినా తర్వాతి డయాలసిస్ దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి రండి.