రాయి మళ్లీ రాయి అయ్యేదాకా

సంక్రాంతి ఇంకా పదిరోజులుందనగా మా ఇంట్లో సామానంతా వాకిట్లోకి వచ్చేది. మంచాలు, ట్రంకు పెట్టెలు, అటక మీది ఇత్తడి గుండిగలు, మూతలు పోయిన జాడీలు. ఇల్లు సర్దుకుందామని ఎవరూ అనేవాళ్లు కాదు. గోడలకు సున్నం వేయాలి, సామాను అడ్డం, అంతే. తీరా బయటపెట్టాక కాలు విరిగిన పీటను మళ్లీ లోపలికి మోయడానికి ఎవరికీ చేతులు రావు. అది భోగిమంట దగ్గరికి వెళ్లిపోయేది. సర్దుడు దానంతట అదే అయిపోయేది.

ఆ పాత ఇంటి రెండు గదులను మొన్న బాగుచేద్దామనుకున్నప్పుడు పెయింటర్ చెప్పిన అంచనా విని కాసేపు మాట రాలేదు. ఆయన తప్పేం లేదు, రంగుల ధరలు అలా ఉన్నాయి. అప్పుడే గుర్తొచ్చింది, ఈ గోడలు పుట్టి బుద్ధెరిగి సున్నం తప్ప మరోటి ఎరగవని. ఒక బస్తా సున్నం గడ్డలు, రెండు కుంచెలు, కాస్త నీలిమందు, పావుకిలో తుమ్మబంక కొన్నాం. ముందు గదులు ఖాళీ చేశాం.

అలా ఖాళీ చేసిన గదిలో బల్బు వేస్తే ఒక్కసారిగా వెలుగు పెరిగినట్టనిపిస్తుంది. అది భ్రమ కాదు. బల్బు నుంచి వచ్చిన వెలుగు గోడకు తగిలితే కొంత గోడ మింగేస్తుంది, మిగతాది తిరిగి వదులుతుంది. వదిలింది ఎదుటి గోడకు తగిలి మళ్లీ వెనక్కి వస్తుంది. మాసిన గోడ సగం వెలుగే తిరిగిస్తుందనుకోండి. 100 పాళ్ల వెలుగు 50 అవుతుంది, ఆ 50 కాస్తా 25, తర్వాత 12న్నర. ఇలా వచ్చేదంతా కూడితే మొత్తం 200 దగ్గర ఆగుతుంది. అదే కొత్తగా వెల్ల వేసిన గోడ 80 పాళ్లు తిరిగిస్తే 100, 80, 64, 51... కూడుకుంటూ పోతే 500. బల్బు అదే, కరెంటు బిల్లూ అదే, వెలుగు రెండున్నర రెట్లు. ఇది కిటికీ, తలుపు, సామాను ఏవీ లేని ఆరు ముఖాల డబ్బాకు వేసిన లెక్క. నిజం గదిలో అంత రాదు. ఎందుకు రాదో చూస్తేనే సర్దుడు సంగతి తెలుస్తుంది. ముదురురంగు అలమర, దండెం మీద వేలాడే బట్టలు, మూల పేర్చిన అట్టపెట్టెలు, ప్రతి ఒక్కటీ వెలుగు తగిలినప్పుడల్లా తన వంతు మింగుతుంది. కాబట్టి గది సర్దడమూ గోడకు వెల్ల వేయడమూ వెలుగు దృష్టిలో ఒకటే పని. డబ్బు తక్కువగా ఉన్నప్పుడు పైకప్పు లోపలి వైపు, కిటికీకి ఎదురుగా ఉన్న గోడను ముందుగా తెల్లగా చేసుకోండి. కిటికీ పక్కన అలమర పెట్టి, వెలుగు చాలడంలేదని ఇంకో ట్యూబ్‌లైటు కొనడం నాకెప్పుడూ అర్థం కాదు.

ఇక సున్నం. పల్నాడులోని పిడుగురాళ్లలో సున్నపురాయి బట్టీలు ఎక్కువ, ఆ ఊరికి సున్నపు నగరమన్న పేరే ఉంది. బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి రాయిలోంచి కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోతుంది. నూరు కిలోల స్వచ్ఛమైన రాయి వేస్తే తీసేటప్పటికి 56 కిలోలే ఉంటుంది. చూడ్డానికి రాయిలాగే ఉంటుంది గాని, పట్టుకుంటే తేలిక. అదే పొడిసున్నం. నీళ్లు తగిలితే దాని అసలు స్వభావం బయటపడుతుంది. బుసలు కొడుతుంది, పగుళ్లు తీస్తుంది, ఆవిరి కక్కుతుంది. ఒక కిలో గడ్డ నీళ్లతో కలిసినప్పుడు పుట్టే వేడి, వృథా పోకుండా పట్టుకోగలిగితే, మూడు లీటర్ల నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. బట్టీ పెట్టిన వేడిలో కొంత భాగాన్ని గడ్డ ఇన్నాళ్లూ దాచుకుని ఇప్పుడు అప్పజెబుతుందన్నమాట.

ఈ లెక్క తెలిసి కూడా నేను ప్లాస్టిక్ బకెట్లో గడ్డలు వేసి పైన నీళ్లు గుమ్మరించాను. పది నిమిషాల్లో బకెట్ నడుము మెత్తబడి ఒక పక్కకు ఒరిగింది. సాయానికొచ్చిన తాత చూసి నవ్వలేదు. ‘‘ఇనుప డ్రమ్ము లేదామ్మా?’’ అని మాత్రం అడిగాడు. నీళ్లలో గడ్డలను కొద్దికొద్దిగా వేయాలట, గడ్డల మీద నీళ్లు పోయకూడదట. నిజమే, నీళ్లు ఎక్కువగా ఉంటే వేడిని అవే పంచుకుంటాయి. లేకపోతే ఒక్కచోటే ఆవిరి పుట్టి సున్నం మొహం మీదికి చిందుతుంది. చిందినది కంట్లో పడితే చూపుకే ముప్పు. నీళ్లలో కరిగిన సున్నం క్షారగుణం పీహెచ్ 12 దాటుతుంది. కళ్లజోడు పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానీయకండి. పడితే రుద్దకుండా ధారగా నీళ్లతో చాలాసేపు కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

రాత్రంతా నానిన సున్నాన్ని గుడ్డలో వడగట్టి పలచటి మజ్జిగలా చేసుకున్నాం. మొదటి పూత వేశాక గోడ వైపు చూస్తే ఉసూరుమనిపించింది. పాత మరకలన్నీ అలాగే కనిపిస్తున్నాయి.

‘‘ఏంటి తాతా, తెల్లగానే లేదు. ఇంకాస్త చిక్కగా కలపమంటావా?’’

‘‘ఆరనీయమ్మా. పొద్దున చూద్దువుగాని.’’

పొద్దున్నే చూస్తే గోడ తెల్లగా మెరుస్తోంది. సున్నపు రేణువుల మధ్య నీళ్లున్నంతసేపూ వెలుగు నీళ్లలోంచి రేణువులోకి, రేణువులోంచి నీళ్లలోకి పెద్దగా దారి మళ్లకుండా సాగిపోయి వెనకున్న మరకను తాకి వస్తుంది. నీళ్లు ఆరి ఆ సందుల్లో గాలి చేరితే రేణువుకూ గాలికీ తేడా ఎక్కువ. వెలుగు ప్రతి అంచు దగ్గరా వంగి, చెదిరి, వెనక్కి తిరుగుతుంది. తడిసిన తెల్లచొక్కాలోంచి ఒళ్లు కనబడటం, ఆరాక కనబడకపోవడం కూడా ఇదే. ఇది తెలియక తొందరపడి చిక్కగా పులిమితే మందంగా పట్టిన పూత నెలతిరక్కుండా పెచ్చులూడుతుంది. పలచగా రెండు మూడు పూతలే మేలు.

నీలిమందు సంగతి మరీ విచిత్రం. సున్నంలో ఉండే ఇనుము మలినం వల్ల గోడకు సన్నగా పసుపు ఛాయ ఉంటుంది. చిటికెడు నీలం ఆ పసుపు వెలుగులో కొంత మింగేస్తుంది. అంటే నీలం వేసిన గోడ నిజానికి కాస్త తక్కువ వెలుగే ఇస్తుంది, కానీ మన కన్ను దాన్నే ఎక్కువ తెలుపంటుంది. ఏ నీలమైనా పనికిరాదు, సున్నపు క్షారానికి కొన్ని రంగులు విరిగిపోతాయి. తట్టుకునేది అల్ట్రామెరైన్. ఒకప్పుడు దాన్ని అఫ్గానిస్తాన్ కొండల్లో దొరికే లాపిస్ లాజులి రాయిని నూరి తీసేవాళ్లు, ఐరోపా చిత్రకారులకు అది అందని పండు. చౌకగా తయారుచేసినవాళ్లకు 6000 ఫ్రాంకుల బహుమతి ఇస్తామని 1824లో ఫ్రాన్స్‌లో ప్రకటిస్తే, 1828లో గిమే అనే ఆయన దాన్ని అందుకున్నాడు. ఆ తర్వాత అది చాకిరేవుకీ మన గోడలకీ చేరింది.

ఆరడంతో పని అయిపోదు. గోడ మీది తడిసున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లగా లోపలికి తీసుకుని, బట్టీలో పోగొట్టుకున్నదాన్ని తిరిగి పొంది, మళ్లీ సున్నపురాయి అవుతుంది. గాలిలో ఆ వాయువు పదివేల పాళ్లలో నాలుగు పాళ్లకు కాస్త ఎక్కువ, అంతే. పైగా అది ముందు తడిలో కరగాలి, అప్పుడే సున్నంతో కలుస్తుంది. అందుకే మే నెల మిట్టమధ్యాహ్నం ఎండిన గోడకు వేస్తే సున్నం రాయి కాకముందే తడారిపోయి చేతికి పొడిలా అంటుకుంటుంది. గోడను ముందు నీళ్లతో తడపడం, సున్నంలో గుప్పెడు ఉప్పు వేయడం ఆ తడిని కాసేపు నిలపడానికే. తుమ్మబంక, సున్నం రాయి కట్టేదాకా రేణువులను పట్టి ఉంచే తాత్కాలిక జిగురు. గంజి కూడా వాడతారు గాని, ఎక్కువైతే చెమ్మగోడల మీద బూజుకు అదే విందు.

రాయి అయిందా లేదా చూడ్డానికి వంటింట్లో చిటికెడు పసుపు చాలు. దిష్టి తీసే ఎర్రనీళ్లలో పసుపును ఎర్రగా మార్చేది సున్నమే కదా. పసుపునీళ్లలో ముంచిన దూది మొదటిరోజు గోడకు అద్దితే రక్తంలా ఎర్రబడింది. మూడు వారాల తర్వాత అదే గోడకు అద్దితే పసుపు దాదాపు పసుపుగానే ఉండిపోయింది.

సున్నం అన్నిటికీ మందు కాదు. ఆయిల్ పెయింటు మీదగాని ప్లాస్టిక్ ఎమల్షన్ మీదగాని అది నిలవదు, పెంకులా లేచిపోతుంది. కింది నుంచి చెమ్మ ఎక్కి చవుడు పట్టిన గోడకు ఎన్ని పూతలు వేసినా దండగే, ముందు నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడాలి. ఆనుకుంటే కొన్నాళ్లు వీపుకు తెల్లగా అంటుతుంది కూడా. డాబా మీద మాత్రం నిశ్చింతగా వేయొచ్చు. ఎండను వెనక్కి పంపే తెల్లకప్పు కింద గది చల్లబడుతుందన్న ఈ పాత తెలివినే తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానంగా తెచ్చింది.

డ్రమ్ములో ఓ కుండెడు సున్నం మిగిలింది. పారబోయబోతే తాత పడనీయలేదు. కుండలోకి తీసి, పైన జానెడు నీళ్లు నిలిపి మూత పెట్టమన్నాడు. నీళ్ల కింద గాలి అందదు, సున్నం సున్నంగానే ఉంటుంది. రోమన్ల కాలంలో మూడేళ్లు మాగని సున్నాన్ని ఇళ్ల పనికి వాడకూడదని నియమం ఉండేదని ప్లినీ రాశాడు. అలా, అంత కష్టపడి ఖాళీ చేసిన అటక మీదికి మొట్టమొదట ఎక్కింది ఆ కుండే. నెల తర్వాత మూత తీసి చూశాను. నీళ్ల మీద పలచటి పొర, పాల మీద మీగడలా. గోటితో గీకితే కరకరమంది. రాయి.