బర్మా బజారులో భోజనము

పరదేశమునకు వలసపోయినవారి అంగడివీధిలో తినుబండారముల దుకాణమునకు ఒక ప్రత్యేక స్థానమున్నది. అక్కడికి వచ్చువారు కేవలము ఆకలితో రారు. తమ భాష మాట్లాడేవారు దొరుకుతారని, ఊరి వార్త తెలుస్తుందని, పని ఎక్కడున్నదో ఎవరైనా చెబుతారని కూడ వస్తారు. 1975లో సైగాన్ పతనమైన పిదప అమెరికా చేరిన వియత్నాం శరణార్థులు వర్జీనియా రాష్ట్రమునందలి ఫాల్స్ చర్చ్ పట్టణములో ఇట్టి అంగడి నొకదానిని నెలకొల్పుకొన్నారు. సైగాన్‌లోని ఒక వర్తక సముదాయమును తలచుకొని 1984లో దానికి ఈడెన్ సెంటర్ అని పేరు పెట్టుకొన్నారు. అక్కడ ప్రధానముగా లభించేది ‘ఫో’ అనే వంటకము. గొడ్డుమాంసపు ఎముకలను గంటల తరబడి మరిగించి, ఆ చారులో బియ్యపు నూడుల్స్, పచ్చి ఆకులు వేసి ఇస్తారు. ఈ వంటకము కూడ వలసపోయినదే. ఇరువదవ శతాబ్ది ఆరంభమున వియత్నాం ఉత్తర భాగములో పుట్టి, 1954లో దేశము రెండైనపుడు దక్షిణమునకు తరలినవారితో పాటు సైగాన్ చేరి, 1975 తరువాత సముద్రము దాటినది.

ఇట్టి భోజనమును చూచుటకు మన విద్యార్థులు అమెరికా పోవలసిన పని లేదు. తనకల్లు నుండి ఒక రాత్రి ప్రయాణము చేసిన చాలు. చెన్నై బీచ్ రైల్వే స్టేషను ఎదుట, రాజాజీ సాలై పొడవున, బర్మా బజారు అనే అంగళ్ళ వరుస ఉన్నది. 1969లో వెలసిన ఈ బజారు పేరు వినగానే చాలమందికి గడియారములు, రేడియోలు, అత్తరు సీసాలు గుర్తుకు వస్తాయి. మేము చెప్పదలచినది ఆ సరుకుల మాట కాదు. వెనుక వైపు సెకండ్ లైన్ బీచ్ రోడ్డున సాయంకాలము కాగానే తోపుడుబండ్ల మీద అమ్మే బర్మా నూడుల్స్ మాట.

ఈ బండ్లు ఇక్కడికి ఎట్లు వచ్చినవో తెలియవలెనంటే రంగూను రేవు వరకు పోవలెను. ఆంగ్లేయుల పాలనలో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుండి వేలాది తెలుగు కూలీలు ఓడలెక్కి బర్మా చేరేవారు. గోదావరి ముఖమునందలి కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువారికి ‘కొరంగీలు’ అనే పేరు స్థిరపడినది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను నగరవాసులలో సగము కంటె ఎక్కువమంది భారతీయులే. ఓడలలో సరుకు ఎక్కించి దించే పని అధికభాగము తెలుగువారిది. 1930 మే నెలలో వారు కూలి పెంచుమని సమ్మె కట్టగా యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకొన్నారు. సమ్మె తీరగానే ఆ బర్మీయులను పొమ్మన్నారు. దాని ఫలితముగా చెలరేగిన అల్లర్లలో మన కూలీలు అనేకులు హతులైనారు. ఇద్దరు పేదలను ఒకే పనికి పోటీ పెట్టి లాభపడినవాడు మాత్రము క్షేమముగా ఉన్నాడని వేరుగా చెప్పనక్కరలేదు.

1942లో జపాను సేనలు వచ్చినపుడు లక్షలాది భారతీయులు అడవి దారులను పడి నడచి వచ్చారు. దారిలో రాలిపోయినవారు వేల సంఖ్యలో ఉన్నారు. మిగిలినవారికి 1962లో జనరల్ నే విన్ సైనికపాలన వచ్చినది. 1964లో దుకాణములు జాతీయము చేయబడినవి. అదే సంవత్సరము మే నెలలో 50, 100 చాట్ల నోట్లు రద్దయినవి. సుమారు 3 లక్షలమంది భారతీయులు ఆ దేశము విడిచినారు. ఎన్నో ఏండ్లు కష్టించి కూడబెట్టినదంతయు రేవులోనే నిలిచిపోయినది. నగలకు హద్దు, నగదుకు హద్దు. చేతికి వచ్చిన వంటకు మాత్రము సుంకపు అధికారి హద్దు పెట్టలేకపోయినాడు.

తిరిగి వచ్చినవారి కొరకు ప్రభుత్వము శిబిరములు నడిపినది, అప్పులిచ్చినది. రెప్కో అనే పేర వారి సహకార బ్యాంకు ఒకటి 1969లోనే చెన్నైలో ఏర్పడినది. అయినను బర్మాలో ‘కలా’ అని, అనగా పరదేశి అని, పిలువబడినవారు స్వదేశము చేరిన తరువాత ‘బర్మావారు’ అనిపించుకొన్నారు.

ఇక వంటకము మాట. దాని పేరు ‘అత్తో’. కలిపినది అని అర్థమిచ్చే బర్మీయ పదము నుండి వచ్చినది. ఉడికించిన పసుపువన్నె నూడుల్స్, సన్నగా తరిగిన క్యాబేజీ, కరకరలాడునట్లు వేయించిన ఎర్రగడ్డలు, చింతపండు పులుసు, ఎండుమిరప పొడి, వెల్లుల్లి వాసన పట్టిన నూనె, నిమ్మరసము — అన్నిటిని ఒక గిన్నెలో వేసి చేతితోనే కలుపుతారు. ప్రక్కన వేడివేడి అరటి దవ్వ చారు పోస్తారు. ఉడికిన గ్రుడ్డును చీల్చి దానిలో వేయించిన ఎర్రగడ్డలు, పులుసు నింపి ఇచ్చేది వేరొకటి. మేము ఒక సాయంకాలము అక్కడ నిలబడి తిన్నపుడు మాకు మొదట స్ఫురించినది చైనా వంట కాదు, మన ఉగ్గాని. బొరుగులు నానబెట్టి, ఎర్రగడ్డలు, పుట్నాల పొడి కలిపే చేతికిని, ఈ చేతికిని పెద్ద భేదము లేదు. బర్మాలో ఇట్టి కలుపుడు వంటకములలో వేయించిన శనగల పిండి చల్లుతారు కూడ.

అరటి దవ్వ చారు వెనుక మరొక వంటకమున్నది. బర్మాలో ప్రాతఃకాలమున తినే ‘మొహింగా’లో చేపల చారు, బియ్యపు సేమియా, అరటి దవ్వ ఉంటాయి. కొబ్బరిపాలతో కోడిమాంసము వండి నూడుల్స్ మీద పోసేది ‘ఓన్నో ఖావ్ స్వే’. ఇచ్చి పుచ్చుకొనుట రెండు వైపుల నుండి జరిగినది. మన సమోసా అక్కడికి పోయి ముక్కలై కలుపుడు వంటకమైనది. ఉర్దూ విద్యార్థులు గుర్తింపగల మాట ఒకటున్నది: బర్మాలో బిరియానీని ‘డాన్‌బౌక్’ అంటారు. అది ‘దమ్ పుఖ్త్’కు బర్మీయ నోటిలో కలిగిన రూపము. చివరి మొగలు చక్రవర్తి బహదూర్ షా జఫర్ 1862లో కన్నుమూసినది ఆ రంగూనులోనే అని తలచుకొన్నపుడు ఈ మాట మరికొంత బరువుగా వినిపిస్తుంది.

మన విద్యార్థులు తప్పక అడిగే ప్రశ్న ఒకటి: ఇవి హలాలా? చేప, గ్రుడ్డు, కూరగాయలతో చిక్కు లేదు. వియత్నాం వారు వాడే చేపల ద్రవము చేప, ఉప్పు ఊరవేసి చేసినది గనుక దానిని చూచి బెదరనక్కరలేదు. చూడవలసినది చారు. ఫోలో మాంసపు ముక్కలు తీసివేసి ఇమ్మన్నంత మాత్రమున ఎముకల రసము పోదు. జబహా చేసిన పశువుదేనా అని అడుగవలెను. వియత్నాం వంటలో పందిమాంసము వాడుక చాల హెచ్చు. అయినను సైగాన్ నడిబొడ్డున డోంగ్ డు వీధిలో దక్షిణ భారత ముస్లిములు 1935లో కట్టిన మసీదు ఉన్నది. దాని పరిసరములలో హలాల్ భోజనము దొరుకుతుంది. అడుగుటకు సిగ్గుపడి పస్తుండుట, సిగ్గుపడి అడుగక తినుట, రెండును మాకు నచ్చవు. అమ్మేవానికి ఈ ప్రశ్న క్రొత్త కాదు. మర్యాదగా అడిగితే మర్యాదగానే చెబుతాడు.

ఈ విషయము మన కాలేజి పత్రికకు ఎందుకని కమిటీ పెద్దలు అనుకొనవచ్చును. కదిరి, రాయచోటి ప్రాంతముల నుండి కువైట్ పోయినవారు ఎందరో మన యిండ్లలోనే ఉన్నారు. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినపుడు లక్షా డెబ్బదివేలకు పైగా భారతీయులను మన ప్రభుత్వము విమానములలో తీసికొని వచ్చినది. వారిలో చాలమంది కట్టుబట్టలతో దిగినారు. హైదరాబాదు బార్కస్‌లో, నిజాము కొలువునకు యెమెన్ నుండి వచ్చిన అరబ్బుల సంతతివారి నడుమ మండీ భోజనము పేరెన్నిక గన్నది. ఇప్పుడు ఆంధ్రదేశములో మండీ బల్ల లేని పట్టణము అరుదు. ఒకే పళ్ళెము చుట్టు కూర్చుండి తినే ఆ పద్ధతిని మన పిల్లలు వేడుకగా నేర్చినారు. అది ఎవరి వెంట, ఏ ఓడలో, ఏ కొలువు కొరకు వచ్చినదో అడిగినవారు తక్కువ.

బర్మా బజారు బండ్ల వద్ద ఇప్పుడు కలిపి ఇచ్చేవారిలో పలువురు చెన్నైలోనే పుట్టినవారు, రంగూనును కంటితో చూడనివారు. కారము తమిళ నాలుకకు తగినట్లు పెరిగినది. మాంసము తినని కొనుగోలుదారుల కొరకు చారులో చేప పోయి అరటి దవ్వ మిగిలినది. రాత్రి గిన్నె ఖాళీ అయ్యేవరకు బండి నిలుస్తుంది. పోదలచినవారు చీకటి పడగానే పోవుట మేలు. ఆలస్యమైనచో గ్రుడ్లు మిగులవు.