గుట్ట చాటున సరళరేఖ

చేనికి హద్దురాళ్లు నాటువాడు మొదట మూడు కొయ్యలను నిలిపి, ఒక కొన యొద్ద గూర్చుండి, ఒక కన్ను మూసికొని చూచును. వెనుకనున్న రెండు కొయ్యలును ముందుదాని చాటున మఱుగైనచో నవి యొక వరుసలో నున్నవని నిశ్చయించును. ఇందుకు లెక్కతో బని లేదు, కన్ను చాలును.

కాని మన యనంతపురము జిల్లాలో మెట్టచేల నడుమ రాతిగుట్టలు తఱచు. హద్దు గుట్టను దాకిన చోట చూపు నిలిచిపోవును. ఈవలి రెండు రాళ్ల వరుసలోనే యావలి రాయి యున్నదని యెట్లు తెలియును? అన్నదమ్ములు చేను పంచుకొనునప్పుడు ఆ రాయి కొన్ని గజములు తొలగెనేని, ఒకని వేరుశెనగ సాళ్లు మఱియొకని పాలగును. వాన కఱవైన నేలలో నది స్వల్ప నష్టము కాదు. తరతరముల వ్యాజ్యమునకు మూలము గావచ్చును.

కన్ను చాలని చోట కొలత చాలునని తెలుపు సిద్ధాంత మొకటి కలదు. దానికి మెనెలాయసు సిద్ధాంతమని పేరు. మెనెలాయసు అలెగ్జాండ్రియా నగరపు గణితవేత్త. క్రీ. శ. 98లో నాయన రోమునగరమున నక్షత్రములను బరిశీలించినట్లు టాలమీ వ్రాసియున్నాడు. గోళముపై త్రిభుజములను గూర్చి యాయన రచించిన గ్రంథమునకు గ్రీకు మూలము నశింపగా, అరబ్బీ యనువాదము నిలిచియున్నది.

విద్యార్థులు కాగితమును దీసికొని, ఈ క్రింది విధమున బటము గీసికొనుచు జదువుదురు గాక. కగచ యొక త్రిభుజము. కగ భుజముపై ట యనియు, కచ భుజముపై ప యనియు రెండు బిందువులు గలవు. పట రేఖను బొడిగింపగా నది, గ కావలికి బొడిగించిన చగ భుజమును మ యొద్ద ఖండించినది. అప్పుడు కట : టగ, గమ : మచ, చప : పక అను మూడు నిష్పత్తుల లబ్ధము 1 అగును.

ఉపపత్తి మిక్కిలి సులభము. క, గ, చ శీర్షములనుండి ఆ ఖండనరేఖకు మూడు లంబములు దింపుడు. ట యొద్ద నేర్పడు రెండు లంబకోణ త్రిభుజములు సరూపములు గాన, కట : టగ యనునది క లంబమునకును గ లంబమునకును గల నిష్పత్తియే. అట్లే మ యొద్ద గ, చ లంబముల నిష్పత్తియు, ప యొద్ద చ, క లంబముల నిష్పత్తియు వచ్చును. మూడింటిని గుణింపగా బ్రతి లంబమును ఒకసారి పైనను, ఒకసారి క్రిందను వచ్చి కొట్టివేయబడును. మిగులునది 1.

దీని విపర్యయమును సత్యమే: రెండు బిందువులు భుజములపైనను, మూడవది మూడవ భుజపు పొడిగింపుపైనను ఉండి, లబ్ధము 1 అయినచో, ఆ మూడును ఏకరేఖలో నుండితీరును. ఏలయన, పట రేఖ యా పొడిగింపును వేఱొక చోట దాకినదన్నను, అచ్చటను నిష్పత్తి యదియే కావలెను. ఒక నిష్పత్తికి భుజము వెలుపల నొక్క బిందువే కలదు. కాని జాగ్రత్త! మూడు బిందువులును భుజములపైననే యున్నచో, లబ్ధము 1 అగుట వేఱొక సంగతిని దెలుపును: వానిని ఎదుటి శీర్షములతో గలుపు మూడు రేఖలు ఒకచోట గలియును. ఇది ఇటలీ దేశీయుడగు సేవా 1678లో బ్రకటించిన సిద్ధాంతము.

ఇక చేనికి మరలుదము. ప, ట అనునవి గుట్ట కీవలి హద్దురాళ్లు. గుట్ట ప్రక్కగా, ట నుండి 100 గజముల దూరమున, గ యొద్ద నొక కొయ్య నాటుడు. గట రేఖను వెనుకకు 200 గజములు సాగించి క యొద్ద నొకటి నాటుడు. క నుండి ప మీదుగా నంతే దూరము సాగి చ యొద్ద నింకొకటి నాటుడు. చ నుండి గ మీదుగా మరల నంతే దూరము సాగిన చోటు మ. నిష్పత్తులు వరుసగా 2, 1/2, 1, లబ్ధము 1. నేల సమతలమై, కొలతలు సరియైనచో, గుట్ట నెక్కకయే, త్రవ్వకయే యావలి రాయికి దావు దొరకినది.

త్రిభుజములచే నేలను గొలుచుట మన సీమకు గ్రొత్త గాదు. 1802లో మద్రాసు చెంత దన కొలతల నారంభించిన విలియం లాంబ్టన్, 1811లో మన గుత్తి సమీపమున నొక యాధారరేఖను గొలిపించెను. ఆ పని సాగినది త్రికోణమితిచేతనే గాని యీ సిద్ధాంతముచేత గాదు. అయినను చూపు ముట్టని దూరమును లెక్కచే బట్టుకొను నేర్పు రెండింటికిని సమానము.

పటములో మూడు చుక్కలు తిన్నగా గనబడినంత మాత్రమున విద్యార్థి తృప్తి చెందరాదు. పెన్సిలు గీతకు మందము గలదు. కంటికి బక్షపాతము గలదు. సెలవుదినమున నలుగురు గూడి, ఒక త్రాడును గొన్ని కొయ్యలును గొని, ఆటస్థలమున నీ కొలతను జేసి చూడుడు. పిమ్మట నింటికేగి, మీ చేని హద్దురాళ్ల నొకసారి పరికింపుడు.