స్థలం కొనేముందు

సావనీరుకు ఏదైనా రాసి పంపమని యూనియన్ వారు అడిగారు. కథలు, కవితలు నాకు చేతకావు. అందుచేత మా ఇంట్లో జరిగిన ఒక నష్టాన్ని గురించి రాస్తానన్నాను. ఈ కాలేజీలో చదివి ఉద్యోగాల్లో చేరే మిత్రులు పదేళ్ళలోపు ఒక స్థలమో, ఇల్లో కొనకుండా ఉండరు. వారిలో ఒక్కరికి పనికొచ్చినా సంతోషమే.

మా నాన్నగారు బడిపంతులుగా రిటైరై, వచ్చిన డబ్బులో చాలా భాగం పెట్టి, 2012 సంక్రాంతికి ఇందుకూరుపేట నుంచి మైపాడు పోయే వైపున 40 అంకణాల స్థలం కొన్నారు. (మా నెల్లూరు లెక్కలో అంకణమంటే 72 చదరపు అడుగులు.) ఇ.సి. తీయించాం, లాయరుకు చూపించాం, కొలతలు వేయించాం. పక్కనున్న బోరు నీళ్ళు తాగి చూశాం. తియ్యగా ఉన్నాయి. ఇంకేం కావాలి అనుకున్నాం.

మరుసటి ఏడు మే నెలలో ఇల్లు కడుతుంటే అవే నీళ్ళు ఉప్పగా తగిలాయి. "ఎండాకాలం ఇట్టాగే ఉంటాయి సార్" అని మేస్త్రి ఆ నీళ్ళతోనే కాంక్రీటు కలిపాడు. మూడేళ్ళకు గోడల అడుగున తెల్లటి పొడి పూసి సున్నం రాలింది. అయిదేళ్ళకు స్లాబు పెచ్చులూడి తుప్పుపట్టిన కమ్మీలు బయటపడ్డాయి. ఒక మూల పునాది దిగి గోడ నెర్రె ఇచ్చింది. అప్పుడు చూడవచ్చిన ఊరి పెద్దాయన ఒకాయన అన్నాడు: "ఇది రొయ్యల గుంట గదా అబ్బయా! పూడ్చి ప్లాట్లేశారు. కొనేటప్పుడు మమ్మల్ని ఒక్క మాట అడిగుండకూడదా?"

మేము అడగలేదు. మేము చూసిన పత్రాలు ఆ నేల ఎవరిదో చెప్పాయి. నిన్నటిదాకా ఆ నేలలో ఏముండేదో చెప్పలేదు.

మా కోస్తాలో 1990 ప్రాంతంలో ఎన్నో పొలాలు రొయ్యల గుంటలయ్యాయి. 1994లో తెల్లమచ్చ తెగులు వచ్చి రైతులు దెబ్బతిన్నారు. 1996 డిసెంబరు 11న కోస్తా నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2009 తరువాత వెనామీ రకం రావడంతో సాగు మళ్ళీ పుంజుకుంది. గుంట ఉన్నన్నాళ్ళు ఉప్పునీరు నేలలోకి దిగుతూనే ఉంటుంది. పైన నాలుగడుగుల మట్టి పోసినంత మాత్రాన ఆ ఉప్పు పోదు. తడితోపాటు ఇటుకలోకి ఎగబాకి, నీరు ఆరినచోట గడ్డకట్టి, గోడను పొడిచేస్తుంది. అందులోని క్లోరైడు కాంక్రీటులోని ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది గనుక స్లాబు లోపలినుంచే పగులుతుంది.

మరి జనవరిలో నీళ్ళు తియ్యగా ఎందుకున్నాయి? నెల్లూరు జిల్లాకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య ఋతుపవనాలతో వస్తాయి. ఆ మంచినీరు భూమిలోని ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. భూగర్భ జలమట్టం సముద్రమట్టానికి ఒక అడుగు పైన ఉంటే, కింద సుమారు 40 అడుగుల లోతువరకు మంచినీరు ఉంటుందని శాస్త్రజ్ఞుల లెక్క. ఎండాకాలంలో తోడేకొద్దీ ఆ పొర పలచబడి, ఉప్పునీరు పైకొస్తుంది.

ఇప్పుడు ఎవరైనా సలహా అడిగితే నేను చెప్పేవి ఇవి.

మొదటిది, నేల గతం. ఇరుగుపొరుగు ముసలివాళ్ళను, ముఖ్యంగా ఆ పొలాల్లో కూలి చేసినవాళ్ళను అడగండి. పాత అడంగల్‌లో ఏ సాగు రాశారో చూడండి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు దొరుకుతాయి. మా గుంటను అందులో నేను తరువాత చూశాను, చక్కగా నలుపలకలుగా కనిపించింది! సముద్రం, ఉప్పుటేరు దగ్గరైతే కోస్తా నియంత్రణ నిబంధనలు ఆ సర్వే నంబరుకు వర్తిస్తాయేమో కనుక్కోండి.

రెండవది, నీరు. మే నెలలో పరీక్ష చేయించండి. తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండడం మంచిది. వేరే నీరు దొరకని చోట 2000 వరకు ఒప్పుకుంటారు. ఇనుము వేసే కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు దాటరాదని భారత ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతుంది. మా మేస్త్రికి ఆ సంగతి తెలియదు. తెలుసుకోవలసింది నేను.

మూడవది, మట్టి. రెండు మూడు చోట్ల ఆరడుగులు తవ్వించండి. పైమట్టి కింద నల్లటి, కంపుకొట్టే బురద తగిలితే అది పూడ్చిన గుంటే. పోసిన మట్టి ఏళ్ళ తరబడి దిగుతూనే ఉంటుంది. ఇంజనీరు చెప్పకుండా పునాది వేయరాదు.

నాలుగవది, వరద. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు నీళ్ళు ఎంతవరకు వచ్చాయో పక్కింటి గోడల మీది చారలు చూసి, వాళ్ళను అడిగి తెలుసుకోండి.

అయిదవది, పాత ఇల్లు కొనేటట్లయితే స్లాబును చిన్న సుత్తితో తట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే లోపల తుప్పున్నట్లే అనుమానించాలి. కొత్త రంగు చూసి మురిసిపోవద్దు.

ఇదంతా మన దగ్గరే ఉన్న బాధ కాదు. అమెరికాలో నయాగరా ఫాల్స్ పట్టణంలో లవ్ కెనాల్ అనే చోట, ఒక కంపెనీ రసాయన వ్యర్థాలు పూడ్చిన స్థలాన్ని 1953లో స్కూలు బోర్డుకు ఒక్క డాలరుకు ఇచ్చేసింది. అక్కడ బడి, చుట్టూ ఇళ్ళు లేచాయి. 1978లో ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను తరలించవలసి వచ్చింది. 1980లో వచ్చిన చట్టం ప్రకారం, కలుషితమైన నేలను శుభ్రం చేసే ఖర్చు కొన్నవాడి మీద కూడా పడవచ్చు. అందువల్ల అక్కడ వ్యాపార స్థలాలు కొనేముందు పూర్వచరిత్ర పరిశీలన చేయించడం పరిపాటి అయింది.

మన దేశంలో 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షను, మామూలు జాగ్రత్తతో కొనేవాడు కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఏదైనా అమ్మేవాడికి తెలిసి ఉంటే, దాన్ని చెప్పి తీరాలంటుంది. కాని "మామూలు జాగ్రత్త" అన్నది మన వంతు. ఊళ్ళో ఒక్క మాట అడిగితే తెలిసేదాన్ని మేము అడగలేదు. అందుకే మాకు అమ్మినాయన మీద కోర్టుకు పోలేదు.

2019లో ఆ ఇల్లు అమ్మేశాం. కొనడానికొచ్చిన కుర్రాడు గోడలకు కొత్తగా వేయించిన రంగు చూసి సంతోషించాడు. నాన్నగారు అతన్ని కూర్చోబెట్టి గుంట సంగతి, నీళ్ళ సంగతి, స్లాబు సంగతి అన్నీ చెప్పారు. నేను సైగ చేస్తున్నా ఆగలేదు. "మనకు చెప్పలేదని మనమూ చెప్పకపోతే ఎట్లారా?" అన్నారు తరువాత. బేరం బాగా తగ్గింది. ఆ డబ్బు తగ్గినందుకు నాకు చాలాకాలం మనసులో బాధగానే ఉండేది. ఇప్పుడు లేదు.

మిత్రులారా, అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక్క ఎండాకాలం ఆగండి. ఒక సీసా నీళ్ళు, ఒక సంచి మట్టి పరీక్షకు పంపండి. వాటికయ్యే ఖర్చు ఒక్క అంకణం ధరకు ఏ మూలకూ రాదు.